సోలార్ ప్యానెల్, యాంటెన్నా ఒకే బల్ల మీద తయారవ్వాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

రాకెట్ ఎగిరిన మర్నాడు మీ పత్రిక మొదటి పేజీలో పెద్ద ఫొటో వేస్తారు, ఎన్ని ఉపగ్రహాలు, ఎన్ని కిలోలు, ఏ దేశానివి అని వివరంగా రాస్తారు. మా స్టూడెంట్లు ఆ పేజీ కత్తిరించి డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డుకి అంటిస్తారు కూడా. కానీ ఆ చిన్న ఉపగ్రహాల ఒంటి మీద ఏముంటుంది, వాటిలో కొన్ని పైకి వెళ్లాక ఒక్క మాటైనా పలక్కుండా ఎందుకు ఉండిపోతాయి, విశాఖపట్నంలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఆ విషయంలో ఏం చేయగలరు అన్నది మాత్రం ఎక్కడా కనపడదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, వీలైతే కోత పెట్టకుండా వేయండి.

నేను ఇక్కడ ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) పాఠాలు చెబుతాను, మైక్రోవేవ్ ల్యాబ్ కూడా నేనే చూసుకుంటాను. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. చిన్న ఉపగ్రహానికి సోలార్ ప్యానెల్ ఒకరు, యాంటెన్నా ఒకరు విడివిడిగా చేసి చివర్లో తెచ్చి బిగించే పద్ధతికి కాలం చెల్లింది, రెండూ కలిపి ఒకే వస్తువుగా మొదటి రోజు నుంచే డిజైన్ చేయాలి. అలా జరగాలంటే ఈసీఈ పిల్లలు, కరెంటు సంగతి చదివే ఈఈఈ (ఎలక్ట్రికల్) పిల్లలు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. మన కాలేజీల్లో ఇప్పుడు వాళ్లు ఒకరి ల్యాబ్‌లోకి ఒకరు అడుగు పెట్టరు.

ఎందుకు కలపాలో అర్థం కావాలంటే ముందు చోటు లెక్క చూడాలి. చిన్న ఉపగ్రహాలకి వాడే క్యూబ్‌శాట్ అనే కొలత 1999లో అమెరికాలోని కాల్ పాలీ, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీల్లో పుట్టింది. పొడవు 10, వెడల్పు 10, ఎత్తు 10 సెంటీమీటర్లు, అంతే. దాన్ని 1యూ, అంటే ఒక యూనిట్, అంటారు, మూడు కలిపితే 3యూ, ఆరు కలిపితే 6యూ. 1యూకి ఒక్కో ముఖం వంద చదరపు సెంటీమీటర్లు. భూమి చుట్టుపక్కల అంతరిక్షంలో చదరపు మీటరుకి సుమారు 1,361 వాట్ల ఎండ ఉంటుంది కాబట్టి ఒక ముఖం మీద పడేది 13.6 వాట్లు. ఉపగ్రహాలకి ఎక్కువగా వాడే మూడు పొరల గాలియం ఆర్సెనైడ్ సెల్ 4 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, మూలలు కోసేసి ఉంటాయి గనుక దాదాపు 30 చదరపు సెంటీమీటర్లు వేసుకోవచ్చు. ఒక ముఖం మీద రెండు సెల్‌లు పడతాయి. 30 శాతం సామర్థ్యంతో, ఎండ సరిగ్గా ఎదురుగా పడినప్పుడు వచ్చేది రెండున్నర వాట్ల లోపు. ఉపగ్రహం గిర్రున తిరుగుతూ ఉంటుంది, గంటన్నర చుట్టులో మూడో వంతు పైగా భూమి నీడలో గడిపేస్తుంది, కాబట్టి సగటు తీస్తే మొత్తం ఉపగ్రహానికి దక్కేది ఒకటో రెండో వాట్లు. మన బెడ్‌రూమ్‌లో వేసుకునే మామూలు ఎల్ఈడీ బల్బుకి కూడా చాలదు. ఆ కరెంటుతోనే కంప్యూటర్ నడవాలి, బ్యాటరీ నిండాలి, రేడియో పలకాలి.

ఇప్పుడు అదే ముఖం మీద యాంటెన్నా కూడా పెట్టాలి, సన్ సెన్సర్ పెట్టాలి, కెమెరాకి కన్నం వదలాలి, ప్రోగ్రామ్ ఎక్కించే కనెక్టర్‌కి దారి వదలాలి. ఎం.వి.పి. కాలనీ అపార్ట్‌మెంట్ల మేడ మీదకి ఎక్కి చూడండి, వాటర్ ట్యాంకు, సోలార్ హీటరు, డిష్షులు, బట్టల తీగలు, చివరికి వడియాలు ఎండబెట్టుకోవడానికి కూడా జాగా మిగలదు, ప్రతి మీటింగ్‌లోనూ అదే గొడవ. ఉపగ్రహం మీద జాగా గొడవ కూడా అలాంటిదే, కాకపోతే అక్కడ ఎవరూ సర్దుకుపోరు. యాంటెన్నాకి చోటిస్తే కరెంటు తగ్గుతుంది, సెల్‌కి చోటిస్తే మాట తగ్గుతుంది.

ఇన్నాళ్లూ ఏం చేశారంటే యాంటెన్నాని బయటికి తోసేశారు. స్టూడెంట్ ఉపగ్రహాల్లో ఎక్కువ శాతం 435 నుంచి 438 మెగాహెర్ట్జ్ మధ్య పలుకుతాయి, అక్కడ తరంగం పొడవు 69 సెంటీమీటర్లు, సగం తీసుకున్నా 34. పది సెంటీమీటర్ల పెట్టె మీద 34 సెంటీమీటర్ల యాంటెన్నా కూర్చోదు కాబట్టి కొలత టేపు లాంటి స్టీల్ పట్టీని చుట్టి, నైలాన్ దారంతో కట్టి పంపిస్తారు. పైకి వెళ్లాక ఒక చిన్న తీగ వేడెక్కి దారాన్ని కాలుస్తుంది, పట్టీ విచ్చుకుంటుంది. చవక, తేలిక, చాలా సార్లు బాగానే పనిచేస్తుంది. కానీ ఆ దారం కాలకపోయినా, పట్టీ ఎక్కడైనా ఇరుక్కున్నా ఇక అంతే సంగతులు. లోపల అన్నీ సక్రమంగా నడుస్తున్నా కింద వినేవాళ్లకి ఏమీ వినపడదు. పిల్లల టెన్షన్ అంతా ఆ మొదటి సిగ్నల్ మీదే ఉంటుంది. విచ్చుకోవాల్సిన అవసరమే లేని యాంటెన్నా, ప్యానెల్‌లోనే అచ్చుపోసి ఉన్న యాంటెన్నా అయితే ఆ ఒక్క భయం తీరిపోతుంది.

రెండో బాధ డేటా. ఇందాక చెప్పిన 435–438 మెగాహెర్ట్జ్ లింకులో (దీన్నే యూహెచ్ఎఫ్ అంటారు) సాధారణంగా సెకనుకి 9,600 బిట్లు దిగుతాయి. ఉపగ్రహం మన నెత్తి మీదుగా దాటడానికి పట్టేది మహా అయితే పది నిమిషాలు. గుణించి చూస్తే ఒక్క దాటుకి దిగేది ముప్పావు ఎంబీ కూడా కాదు. మన ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో అంతకన్నా పెద్దది. కెమెరా ఎంత మంచిది పెట్టినా, బొమ్మలు పైనే ఉండిపోతే ఎవరికి లాభం?

కాబట్టి ఎక్కువ ఫ్రీక్వెన్సీకి వెళ్లాలి, 2 గిగాహెర్ట్జ్ నుంచి పైకి వరసగా ఉండే ఎస్-బ్యాండ్, ఎక్స్-బ్యాండ్, కేఏ-బ్యాండ్ లాంటి వాటికి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తరంగం పొట్టిదవుతుంది, అదే చోటులో యాంటెన్నా బలం పెరుగుతుంది. అసలు సోలార్ ప్యానెల్ కలపడం అన్న ఆలోచనకి ప్రాణం ఇక్కడే ఉంది. 437 మెగాహెర్ట్జ్ దగ్గర ప్యానెల్‌లో యాంటెన్నా దాచాలని చూడటం దండగ, అక్కడ స్టీల్ పట్టీయే ఉండనివ్వండి, నేనేమీ కాదనను. 2 గిగాహెర్ట్జ్ దాటాకే ఈ కథ మొదలవుతుంది.

మా పిల్లలకి నేను మొదట ఇచ్చే లెక్క ఇది. మనం ల్యాబ్‌లో వాడే ఎఫ్ఆర్-4 అనే మామూలు సర్క్యూట్ బోర్డు, 1.6 మిల్లీమీటర్ల మందం, 2.45 గిగాహెర్ట్జ్‌కి మామూలు ప్యాచ్ యాంటెన్నా, అంటే బోర్డు మీద చదునైన రాగి ముక్క, వేస్తే అది 38 మిల్లీమీటర్లు బై 29 మిల్లీమీటర్లు వస్తుంది, చుట్టూ ఇంకాస్త జాగా కావాలి. పది సెంటీమీటర్ల ముఖం మీద రెండు సోలార్ సెల్‌లు పక్కపక్కన పెట్టాక మిగిలేది అంచున సెంటీమీటరు చొప్పున. ప్యాచ్ పట్టదు. పట్టాలంటే ఒక సెల్ తీసేయాలి, అంటే ఆ ముఖం కరెంటు సగానికి పడిపోతుంది. ఈ లెక్క కాగితం మీద వేయగానే పిల్లలకి సంగతి తెలిసిపోతుంది, ఇక నేను ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

సరే, సెల్‌ల కిందే ప్యాచ్ పెట్టేస్తే పోలా అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. సెల్ వెనకభాగమంతా లోహపు పూత, కరెంటు సేకరించేది అదే, దాన్ని దాటి తరంగం పైకి రాదు. ప్యాచ్ సెల్ కన్నా పెద్దదై అంచులు బయటికి ఉంటే అది వేరే విషయం, ఎందుకంటే ప్యాచ్ తరంగాన్ని వెదజల్లేది అంచుల నుంచే. సెల్‌లని ప్యాచ్ మీదే కూర్చోబెట్టి, అంచులు ఖాళీగా వదిలే పద్ధతి మీద జపాన్‌లో 1990లలోనే పనిచేశారు. స్విట్జర్లాండ్‌లో లౌసాన్‌లోని ఇపిఎఫ్ఎల్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, సెల్‌నే యాంటెన్నాలో భాగంగా లెక్కలోకి తీసుకున్నారు. సోలాంట్ అని పేరు పెట్టారు.

అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో రెండు దారులు పట్టారు. ఒకటి, సెల్ మీద ఉండే పల్చటి గాజు మీద సన్నటి లోహపు గీతలతో జల్లెడలా యాంటెన్నా గీయడం. ఎండ సందుల్లోంచి సెల్ మీద పడుతుంది, రేడియో తరంగానికి మాత్రం ఆ సందులు మరీ చిన్నవి కాబట్టి అది నిండు రేకు లాగానే కనపడుతుంది. వినడానికి భలే ఉంటుంది, కానీ గీత లావు చేస్తే సెల్ మీద నీడ, సన్నం చేస్తే యాంటెన్నాలో నష్టం. మధ్యలో ఎక్కడ ఆగాలన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. గీతలు వద్దనుకుని పారదర్శకంగా ఉండే ఇండియం టిన్ ఆక్సైడ్ పూత వేద్దామన్నా తిప్పలు తప్పవు, అది పలచగా ఉంటే కరెంటు సరిగ్గా పారదు, మందంగా వేస్తే ఎండ ఆగిపోతుంది.

రెండో దారి నాకు ఎక్కువ నచ్చినది, మన కాలేజీల్లో రేపే మొదలుపెట్టదగ్గది. సెల్‌కీ సెల్‌కీ మధ్య ఎలాగూ కొంచెం సందు వదులుతారు, ఆ సందులో బోర్డు మీది రాగిలో సన్నటి గాడి కోస్తే అదే స్లాట్ యాంటెన్నా. 2.45 గిగాహెర్ట్జ్‌కి గాలిలో సగం తరంగం ఆరు సెంటీమీటర్లు, బోర్డు మీద ఇంకాస్త తక్కువే పడుతుంది, సెల్ పొడవు ఎనిమిది కాబట్టి సందులో హాయిగా ఇమిడిపోతుంది. సెల్ మీద నీడ పడదు, చోటు పోదు, విచ్చుకోవాల్సిన పని లేదు. బలం తక్కువే, ఒక్క స్లాట్‌తో అద్భుతాలు జరగవు, కానీ ఉన్న జాగాలో ఊరికే వచ్చేదాన్ని కాదనడం ఎందుకు?

ఇక పెద్ద ఎత్తున చేసి చూపించింది నాసాకి చెందిన జేపీఎల్ ప్రయోగశాల వాళ్ల ఐసారా. 3యూ ఉపగ్రహం, 2017 నవంబరులో పైకి వెళ్లింది. మడత విప్పుకునే మూడు సోలార్ ప్యానెళ్లకి ముందు వైపు సెల్‌లు, వెనక వైపు రకరకాల సైజుల్లో చిన్న చిన్న రాగి ముక్కలు. ఒక్కో ముక్క సైజు బట్టి తరంగం ఎంత ఆలస్యంగా తిరిగి వెళ్లాలో తేలుతుంది, అన్నీ కలిసి ఒక గుంట డిష్ చేసే పనిని బల్లపరుపుగా ఉండే చేస్తాయి. కేఏ-బ్యాండ్‌లో 26 గిగాహెర్ట్జ్ దగ్గర సెకనుకి 9.6 కిలోబిట్ల స్థాయి నుంచి 100 మెగాబిట్ల పైకి తీసుకెళ్లొచ్చని దాని ఉద్దేశం. ఇందాకటి పది నిమిషాల లెక్కే ఇక్కడా వేసి చూడండి, ముప్పావు ఎంబీ కాస్తా ఏడు జీబీ దాటిపోతుంది. ఎలాగూ విప్పాల్సిన ప్యానెలే, ఎలాగూ మోయాల్సిన బరువే, వెనక వైపు ఖాళీగా పడి ఉండే చోటే. కొత్తగా మోసింది చాలా తక్కువ. తర్వాతి ఏడాది మార్స్ దాకా వెళ్లిన రెండు మార్కో క్యూబ్‌శాట్‌లు కూడా ఇలాంటి బల్లపరుపు యాంటెన్నాతోనే, 2018 నవంబరు 26న ఇన్‌సైట్ ల్యాండర్ అక్కడ దిగుతున్నప్పుడు దాని మాటలు భూమికి అందించాయి. వాటిలో సోలార్ ప్యానెళ్లు మాత్రం విడిగా ఉన్నాయి.

ఐసారా పద్ధతికి ఒక చిక్కు ఉంది, అది కూడా చెప్పాలి. వెనక యాంటెన్నా భూమిని చూడాలంటే ముందు సెల్‌లు భూమికి ఎదురు దిక్కు చూడాలి. సూర్యుడు సరిగ్గా అటు ఉంటే రెండు పనులూ ఒకేసారి అవుతాయి, పక్కకి ఉంటే ఒకటే అవుతుంది. అంటే ఏ చుట్టులో ఎంత సేపు మాట్లాడాలి, ఎంత సేపు ఎండ తాగాలి అన్నది యాంటెన్నా మనిషి, కరెంటు మనిషి కలిసి కూర్చుని తేల్చుకోవాలి. పెద్ద ఉపగ్రహాల్లోనూ ఈ ఆలోచన వచ్చేసింది. 2025 డిసెంబరు 24న మన శ్రీహరికోట నుంచి ఎల్వీఎం3 రాకెట్ మోసుకెళ్లిన బ్లూబర్డ్ ఉపగ్రహం సుమారు 6,100 కిలోలు, విచ్చుకుంటే 223 చదరపు మీటర్లు, అందులో భూమి వైపు అంతా యాంటెన్నా, రెండో వైపు సోలార్ సెల్‌లు. ఆ వార్త మీరూ వేశారు, బరువు రికార్డు గురించి రాశారు. ఒకే పలక రెండు పనులు చేస్తుందన్న మాట కూడా రెండు లైన్లలో రాసి ఉంటే ఎంతమంది పిల్లలు పట్టుకునేవారో!

ఇప్పుడు మా ల్యాబ్‌లో జరిగింది చెబుతాను, ఎందుకంటే నా వాదన అంతా దాని మీదే నిలబడింది.

గాలియం ఆర్సెనైడ్ సెల్‌లు మేం కొనలేం. మామూలు సిలికాన్ సెల్ తెచ్చి, వజ్రపు మొన ఉన్న పెన్నుతో గీత గీసి, జాగ్రత్తగా విరిచి ముక్కలు చేశాం, ఎన్నో పగిలాయి. బోర్డు మీద రాగిలో స్లాట్ కోసి, ముందు ఖాళీ బోర్డుని నెట్‌వర్క్ అనలైజర్‌కి తగిలించారు పిల్లలు. తెర మీద గీత ఒకచోట లోతుగా కిందికి దిగుతుంది, అక్కడే యాంటెన్నా పలుకుతుందని అర్థం. సిమ్యులేషన్‌లో వచ్చిన చోటుకి దగ్గరగానే దిగింది, అందరూ సంబరపడ్డారు. తర్వాత స్లాట్‌కి రెండు వైపులా సెల్ ముక్కలు అంటించారు. లోతు ఎడమకి జరిగిపోయింది, అంటే ఫ్రీక్వెన్సీ తగ్గింది. ఇది ఊహించిందే, సిలికాన్ పక్కనుంటే తరంగం ఇంకా నెమ్మదిస్తుంది, స్లాట్ కొంచెం కురచ చేసుకుంటే సరిపోతుంది. చేశారు. మళ్లీ సరైన చోటికి వచ్చింది.

అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది. సెల్‌లని సిరీస్‌లో కలపడానికి ఒక అబ్బాయి రిబ్బన్ తీగ తీసుకుని, దగ్గరి దారి కదా అని, స్లాట్ మీదుగా అటు నుంచి ఇటు సోల్డర్ చేశాడు. తెర మీద లోతు మాయం. గీత దాదాపు చదునైపోయింది. అంతవరకూ పడ్డ కష్టమంతా రెండు మిల్లీమీటర్ల తీగ మింగేసింది. మా ఈసీఈ పిల్లలు స్లాట్‌నే ఇంకోలా మార్చాలని బయల్దేరారు. అప్పుడు పక్క డిపార్ట్‌మెంట్ నుంచి ఫ్రెండ్ కోసం వచ్చిన ఈఈఈ అమ్మాయి ఒకతి చూసి, "అన్నా, తీగ పై నుంచి ఎందుకు, బోర్డు అంచు దగ్గర స్లాట్ అయిపోయాక తిప్పి తీసుకురండి, రానూ పోనూ తీగలు ఒకదాని వెనక ఒకటి వేయండి, లూప్ కూడా రాదు" అంది. తిప్పి వేశారు. లోతు తిరిగి వచ్చింది.

ఆ అమ్మాయి లూప్ గురించి అన్నది యాంటెన్నా కోసం అన్న మాట కాదు. ప్యానెల్‌లో కరెంటు చుట్టు తిరిగితే అది చిన్న అయస్కాంతంలా తయారై భూమి అయస్కాంత క్షేత్రంతో పేచీ పెట్టుకుంటుంది, ఉపగ్రహం తనంతట తానే మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది. అందుకని పవర్ చూసేవాళ్లు తీగల దారిని ఎప్పుడూ ఆలోచిస్తారు. మా పిల్లలకి ఆ విషయం తెలీదు. ఆ అమ్మాయికి స్లాట్ గురించి తెలీదు. ఇద్దరికీ తెలిసిందాన్ని కలిపితే గానీ ప్యానెల్ పనిచేయలేదు.

ఇంకో సంగతి కూడా ఆ అమ్మాయి వల్లే బయటపడింది. ప్యానెల్ నుంచి కరెంటుని బ్యాటరీకి మార్చే కన్వర్టర్ సెకనుకి లక్షల సార్లు ఆన్ ఆఫ్ అవుతుంది. ఆ రొద తీగల వెంట ప్యానెల్‌లోకి వెళ్తుంది, ప్యానెల్‌లోనే యాంటెన్నా ఉంటే ఇక రొద నేరుగా రిసీవర్ చెవిలో పడుతుంది. తీగ మీద చిన్న ఇండక్టర్ ఒకటి, పక్కన కెపాసిటర్ ఒకటి ఎక్కడ పెట్టాలి అన్నది రేడియో వాళ్లకి ఒక కారణంతో కావాలి, పవర్ వాళ్లకి ఇంకో కారణంతో కావాలి. ఇవన్నీ చివర్లో బిగించేటప్పుడు కనిపిస్తే అప్పటికే బోర్డు అచ్చయిపోయి ఉంటుంది, డబ్బు అయిపోయి ఉంటుంది.

మరి ఆ పిల్లలందర్నీ కలిపి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా పెడదామని అడిగితే కాలేజీలో ఏమన్నారో తెలుసా? ప్రాజెక్టు ఏదో ఒక డిపార్ట్‌మెంట్‌కి చెందాలట, రిపోర్టు అట్ట మీద ఒకే బ్రాంచి పేరుకి చోటుందట, గైడ్ ఒకరే ఉండాలట. చివరికి ఒకే ప్యానెల్ మీద రెండు రిపోర్టులు రాయించారు. ఈసీఈ రిపోర్టులో సెల్‌ల కరెంటు ఎంత వచ్చిందో లేదు, ఈఈఈ రిపోర్టులో స్లాట్ మాటే లేదు. చదివిన ఎగ్జామినర్‌కి ఇది ఒకే వస్తువని తెలిసే దారే లేదు. నాకు నిజంగా కడుపు రగిలిపోయింది.

ఇదొక్క మా కాలేజీ గొడవ అయితే మీకు రాసేదాన్ని కాదు. నగరం మొత్తం మీద ఏటా ఎన్ని మైక్రోస్ట్రిప్ ప్యాచ్ యాంటెన్నా ప్రాజెక్టులు వస్తాయో ఈసీఈ చెప్పే ఎవర్నైనా అడగండి. చాలావాటిలో యాంటెన్నా సాఫ్ట్‌వేర్ దాటి బయటికి రాదు, రంగురంగుల బొమ్మలు ప్రింటు తీసి బైండింగ్ చేయిస్తారు. కొందరు ప్రాజెక్ట్ సెంటర్లో డబ్బు కట్టి తెచ్చుకుంటారు. పిల్లల్ని తప్పుపట్టను, కొలిచే చోటు లేనప్పుడు వాళ్లు మాత్రం ఏం చేస్తారు? యాంటెన్నా ఏ దిక్కుకి ఎంత పలుకుతుందో చూడాలంటే గోడలు తరంగాలని మింగేసే గది కావాలి, అది ప్రతి కాలేజీ కట్టుకోలేదు, అక్కర్లేదు కూడా. విశాఖలో అలాంటి కొలతల కోసం అడగదగ్గ సంస్థలు ఉన్నాయి. గంభీరంలో సమీర్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ల విద్యుదయస్కాంత పరిసర ప్రభావాల కేంద్రం ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. వాళ్ల పనులు వాళ్లకి ఉంటాయి, ఒప్పుకుంటాను. నెలకి ఒక్క రోజు, ఏ కాలేజీ పిల్లలైనా తాము చేసిన వస్తువు పట్టుకొచ్చి పిల్లలు భరించగలిగే ఫీజుతో కొలుచుకునే రోజు ఒకటి పెడితే, ఈ జిల్లాలో ప్రాజెక్టుల తీరే మారిపోతుంది.

ఇదంతా ఇస్రో చూసుకుంటుంది కదా, మనకెందుకు అనేవాళ్లున్నారు. 2010 జూలై 12న పీఎస్ఎల్వీ-సీ15 మీద వెళ్లిన స్టడ్‌శాట్‌ని చేసింది కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లకి చెందిన ఏడు ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు. కిలో కూడా లేదు అది. మన తెలుగు పిల్లల చేయి అందులో ఉంది. 2022 నవంబరులో పీఎస్ఎల్వీ-సీ54 మీద హైదరాబాద్ ధ్రువ స్పేస్ వాళ్ల థైబోల్ట్ ఉపగ్రహాలు రెండు వెళ్లాయి, అవి 1యూలో సగం సైజువి. ఉపగ్రహం మొత్తం చేయలేకపోయినా, పీఎస్ఎల్వీ చివరి దశని కక్ష్యలో వేదికగా వాడుకునే పోయెమ్ మీద కాలేజీల పరికరాలకీ చోటిస్తున్నారు. అరచేతి వెడల్పు ప్యానెల్ ముక్క, అందులో స్లాట్, నాలుగు సెల్‌లు, కరెంటు కొలిచే చిన్న బోర్డు, ఇంత చాలు అక్కడ ఒక ప్రయోగానికి. రోజుకి పదిహేను సార్లు ఎండలోకీ చీకట్లోకీ వెళ్లి వస్తుంటే జిగురు ఎలా నిలుస్తుంది, ఫ్రీక్వెన్సీ ఎంత కదులుతుంది అన్నది తెలిస్తే అదే చాలా విలువైన సమాచారం. రాష్ట్రంలో లేపాక్షి, తిరుపతి వైపు స్పేస్ సిటీలు అంటున్నారు, మంచిదే, కానీ వాటిలో పనిచేసే మనుషులు తయారయ్యేది కాలేజీ ల్యాబుల్లోనే.

ఈ ఊరికి దీనితో ఏం సంబంధం అని కూడా అడగొచ్చు. 2014 అక్టోబరు 12 గుర్తున్నవాళ్లకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ వెళ్లిపోయాక కరెంటు లేదు, టవర్లు పడిపోయాయి, గాజువాకలో ఉన్న చెల్లెలు బతికుందో లేదో మధురవాడలో ఉన్న అక్కకి తెలీదు. నేల మీద ఉన్నవన్నీ కూలినప్పుడు పైనుంచి వచ్చే లింకే దిక్కు. ఫిషింగ్ హార్బర్ బోట్లవాళ్ల సంగతీ అంతే, తీరానికి కొంచెం దూరం పోగానే సెల్ సిగ్నల్ ఉండదు. ఇస్రో చేసిన నభ్‌మిత్ర పరికరం బోటు మీద పెడితే జీశాట్-6 ఉపగ్రహం ద్వారా తుపాను హెచ్చరిక బోటుకి వెళ్తుంది, బోటు నుంచి ఆపద కబురు ఒడ్డుకి వస్తుంది. జీశాట్-6కి 6 మీటర్ల గొడుగు యాంటెన్నా ఉంది కాబట్టే బోటు మీద చిన్న పరికరం సరిపోతోంది. చిన్న ఉపగ్రహాలతో అలాంటి పని చేయించాలంటే వాటికి అంత గొడుగు పెట్టలేం, ఉన్న ప్రతి చదరపు సెంటీమీటరూ రెండు పనులు చేయాలి. సముద్రంలో తేలుతూ కొలతలు పంపే పరికరాలకీ (బాయ్‌లు అంటారు) ఇదే వర్తిస్తుంది, వాటి మీద కూడా సోలార్ ప్యానెల్‌కీ యాంటెన్నాకీ జాగా కొట్లాటే, పైగా ఉప్పు గాలి. మా టెర్రస్ మీద పెట్టిన కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టిపోవడం నేను చూస్తూనే ఉన్నాను, విడిగా పైకి పొడుచుకొచ్చే యాంటెన్నా, దాని జాయింటు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ఇక్కడ పిల్లలు నేర్చుకున్నది అంతరిక్షానికి వెళ్లకపోయినా హార్బర్‌లో పనికొస్తుంది.

అందుకని మీ పత్రికని రెండు విషయాలు అడుగుతున్నాను. ఒకటి, యూనివర్సిటీ వాళ్లనీ కాలేజీల యాజమాన్యాలనీ అడగండి, రెండు బ్రాంచీల పిల్లలు కలిసి ఒక ప్రాజెక్టు, ఒక రిపోర్టు, ఇద్దరు గైడ్లతో చేయడానికి అడ్డం వస్తున్న నిబంధన ఏది, దాన్ని మార్చడానికి ఎవరి సంతకం కావాలి అని. రెండోది, కొలిచే వసతి ఉన్న సంస్థల్ని స్టూడెంట్లకి ఒక రోజు కేటాయిస్తారా అని అడగండి, ఏం జవాబిస్తారో యథాతథంగా అచ్చేయండి. ఏడో సెమిస్టర్ మొదలవగానే ప్రాజెక్టు టైటిల్స్ ఇచ్చేయమంటారు, ఒకసారి ఇచ్చాక మార్చనివ్వరు. ఆలోగా ఈ విషయం తేలితే మా దగ్గర ఇప్పటికే ఒక టీం సిద్ధంగా ఉంది, ముగ్గురు ఈసీఈ, ఇద్దరు ఈఈఈ. తీగ తిప్పి వేయమన్న అమ్మాయి కింద బ్యాచ్‌కి కూడా అన్నీ నేర్పి పెట్టింది. మీ విలేకరి ఎవరైనా వస్తానంటే ప్యానెల్ బల్ల మీదే ఉంటుంది, తీగ స్లాట్ మీద పెట్టి ఒకసారి, తీసి ఒకసారి తెర మీద చూపిస్తాను.

ఇట్లు,
ఈసీఈ అధ్యాపకురాలు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం